మూడో కిటికీ దగ్గర అడిగిన ప్రశ్నలు

బ్రాంట్‌విల్ జైలు గేటు పక్కన ఉన్న టిక్కెట్ల కిటికీని పోయిన నెల ఇటుకలతో కట్టేశారు. పత్రికలో ఆ వార్త రాసింది నేనే. నాలుగు లైన్లు పట్టింది. జనానికి జైలు చూపించడం మానేసి పద్దెనిమిదేళ్ళయింది కాబట్టి, ఆ కిటికీ అక్కడ ఎందుకుండేదో ఇప్పటివాళ్ళలో చాలామందికి తెలియదు.

పత్రికలో చేరకముందు, 1884 నుంచి 1891 వరకూ ఏడేళ్ళు, నేను ఆ గేటు దగ్గర గైడుగా పనిచేశాను. పావు డాలరు ఇచ్చి టిక్కెట్టు కొన్నవాళ్ళను జైలంతా తిప్పి చూపించడం నా పని. పొద్దున తొమ్మిదికి ఒక గుంపు, మధ్యాహ్నం ఒంటిగంటకు ఒక గుంపు. ఆదివారాలూ జులై నాలుగో తేదీ సెలవు. టిక్కెట్టు పసుపు అట్ట. గేటు దాటగానే దాన్ని సగానికి చింపి నా చొక్కా జేబులో వేసుకునేవాణ్ణి. సాయంత్రానికి జేబు బరువెక్కేది.

మా ఊరికి వచ్చినవాళ్ళు చూడ్డానికి నది ఉంది, జైలు ఉంది. నదిని ఊరికే చూడొచ్చు. అందుకని జైలుకే ఎక్కువమంది వచ్చేవాళ్ళు. కొత్తగా పెళ్ళయిన జంటలు, పందులు అమ్మి తిరిగి వెళ్తున్న రైతులు, ఆదివారం బడి పంతులమ్మలు. ఆడవాళ్ళు మంచి టోపీ పెట్టుకుని వచ్చేవాళ్ళు. మగవాళ్ళు బూట్లు తుడుచుకుని లోపలికి అడుగుపెట్టేవాళ్ళు. ఇప్పుడు తలుచుకుంటే వింతగా ఉంటుంది కానీ, అప్పట్లో అది చర్చికి వెళ్ళడం కంటే కొంచెం తక్కువ, సంతకు వెళ్ళడం కంటే కొంచెం ఎక్కువ.

టిక్కెట్లు అమ్మేది ఆర్కట్ అనే ముసలావిడ. ఆమె భర్త అదే జైల్లో వార్డరుగా చేసి పోయాడు. పింఛనుకు బదులు ఆ కిటికీ ఇచ్చారు.

"ఒకరికి పావు డాలరు. చంకలో పిల్లలకు ఊరికే," అనేది వచ్చినవాళ్ళతో. "లోపల ఉండిపోతామంటే మాత్రం జడ్జి గారి చీటీ తెచ్చుకోవాలి."

రోజుకు ఇరవైసార్లు అదే మాట. నవ్వనివాళ్ళకు టిక్కెట్టు ఇవ్వడంలో ఆలస్యం చేసేది.

మా జైల్లో ఖైదీలు మాట్లాడకూడదు. పనిలో వార్డరును ఏదైనా అడగాలంటే చెయ్యెత్తాలి. షెడ్లలో పీటలన్నీ గోడవైపు తిప్పి వేసేవాళ్ళు, చూడవచ్చినవాళ్ళకు వీపులు మాత్రమే కనపడేలా. ఖైదీ తల తిప్పి జనాన్ని చూస్తే, శిక్షలో తగ్గింపు కింద సంపాదించుకున్న రోజుల్లోంచి పది కోసేసేవాళ్ళు. జనానికీ ఒక నియమం ఉండేది. ఖైదీతో మాట్లాడకూడదు. అడగదలుచుకున్నది గైడును అడగాలి. గైడును ఏమైనా అడగొచ్చు.

వాళ్ళూ ఏమైనా అడిగేవాళ్ళు.

"వీళ్ళలో హంతకుడెవరయ్యా?"

"చెప్పకూడదమ్మా."

"ఆ గుండుతలవాడే కదూ?"

"అందరికీ గుండే గీస్తారమ్మా."

"అయితే అందరూ హంతకులేనేమో," అని ఆ అడిగిన పెద్దావిడ మొగుడి వైపు చూసి తృప్తిగా తల ఊపింది.

ఫిలీనా అనే మనిషి మొదటిసారి వచ్చింది 1887 ఏప్రిల్లో, నెల మొదటి గురువారం. ముప్పై ఏళ్ళుంటాయి. పాల డబ్బాలు మోసే రైల్లో వచ్చి ఒంటిగంట గుంపులో చేరింది. ఒక్కతే రావడం వల్ల నాకు గుర్తుంది. ఒక్కళ్ళే జైలు చూడ్డానికి ఎవరూ వచ్చేవాళ్ళు కాదు.

ఆ రోజుల్లో ఒంటిగంట గుంపును ముందు భోజనశాలకు, తర్వాత చీపుళ్ళ షెడ్డుకు, ఆ తర్వాత కుర్చీల షెడ్డుకు తీసుకెళ్ళేవాణ్ణి. కుర్చీల షెడ్డులో అరవైమంది కూర్చుని పేము అల్లేవాళ్ళు. తొట్లలో నానుతున్న పేము వాసన గుమ్మం బయటికే వచ్చేది. ఇన్నేళ్ళయినా, వానకు తడిసిన బుట్ట ఎక్కడ కనిపించినా ఆ గుమ్మంలో నిలబడినట్టే ఉంటుంది నాకు. అక్కడ నేను చెప్పే మాటలు తయారుగా ఉండేవి. రోజుకు ఎన్ని కుర్చీలు, పేము ఏ దీవులనుంచి వస్తుంది, ఒక కుర్చీ సీటు అల్లడానికి ఎన్ని గజాలు పడుతుంది.

నేను చెబుతుంటే ఫిలీనా మూడో కిటికీ దగ్గర ఆగిపోయింది. దాని కింద పీట మీద ఒక వీపు. మిగతా యాభైతొమ్మిది వీపులకూ దానికీ నాకు తేడా కనపడలేదు.

"ఏమండీ," అంది గట్టిగా. షెడ్డు చివరికి వినపడేంత గట్టిగా. "ఇక్కడ కూర్చున్నవాళ్ళకు బయటి సంగతులు తెలుస్తాయా?"

"తెలియవమ్మా. పత్రికలు లోపలికి రానివ్వరు."

"ఎవరైనా చెబితే వినపడుతుంది కదా?"

"చెవులకు నియమం లేదమ్మా."

గుంపులో ఎవరో నవ్వారు. ఆమె నవ్వలేదు. ముందుకు కదిలింది.

మే నెల మొదటి గురువారం మళ్ళీ వచ్చింది. మళ్ళీ మూడో కిటికీ దగ్గర ఆగింది.

"మెరిల్ గారూ," అంది. నా పేరు గేటు దగ్గర అడిగి తెలుసుకుందట. "నల్ల ఆవు కవల దూడల్ని ఈనింది. రెండూ బతుకుతాయంటారా?"

"నేను ఊళ్ళో పుట్టి పెరిగినవాణ్ణమ్మా. ఆవుల సంగతి నాకు తెలియదు."

గుంపులో ఉన్న రైతు అందుకున్నాడు. "పాలు రెంటికీ చాలితే బతుకుతాయి. పెద్దదాన్ని కాస్త దూరం పెట్టు తల్లీ. జైలు చూడ్డానికొచ్చి ఆవుల సంగతా నీకు?"

"చూడ్డానికి ఇక్కడ వీపులేగా ఉన్నాయి," అంది ఆమె.

జూన్‌లో అడిగిన ప్రశ్న ఇది: "బంకమట్టి నేలలో, కొత్త సమాధి మీద, ఏ పూలమొక్క బతుకుతుంది?"

మూడో కిటికీ కింద మనిషి పేము అల్లడం ఆపి తల వంచాడు. చాలాసేపు ఎత్తలేదు. ఆమె ఆ తలనే చూస్తూ నిలబడింది. గుంపు గుమ్మం దాటింది. నేను వెనక్కి వచ్చి పిలవాల్సి వచ్చింది.

కుర్చీల షెడ్డు వార్డరు డెక్కర్ ఆ సాయంత్రం గేటు దగ్గర నన్ను పట్టుకున్నాడు.

"ఒరేయ్ మెరిల్, ఆ పిచ్చిదెవర్రా, మా షెడ్డులో సంత పెడుతోంది?"

"టిక్కెట్టు కొన్న మనిషి. నన్నేగా అడుగుతోంది. నియమం తప్పలేదు."

"నియమం సంగతి సరే. ఆ కిటికీ కింద ముసలాడు ఆవిడ రోజుల కోసం చూస్తున్నాడు. క్యాలెండరు లేని మనిషికి మొదటి గురువారం ఎలా తెలుస్తుందో చెప్పు? ఆ రోజు నిటారుగా కూర్చుంటాడు. కాలరు మడత సరిచేసుకుంటాడు. మంగలికి సైగలు చేసి బుధవారమే గడ్డం గీయించుకున్నాడు."

"గడ్డం ఎవరు చూస్తారు? గోడా?"

"అదే నేనూ అనుకుంది," అన్నాడు డెక్కర్.

జులైలో ఆమె ఐదేళ్ళ పిల్లవాడికి ఈత నేర్పొచ్చా అని అడిగింది. ఆగస్టులో పొగాకు ధర అడిగింది. నేను ప్రశ్నలకు అలవాటు పడ్డాను. చెప్పాలంటే, మొదటి గురువారాల కోసం నేనూ చూడ్డం మొదలుపెట్టాను. మిగతా రోజుల్లో నన్ను హంతకుడెవరనే అడిగేవాళ్ళు.

సెప్టెంబరు మొదటి గురువారం షెడ్డు దాటి పెరట్లోకి వచ్చాక ఆమె నా పక్కన నడిచింది. ఈసారి గట్టిగా మాట్లాడలేదు.

"మెరిల్ గారూ, మీరు కనిపెట్టే ఉంటారు."

"కనిపెట్టనట్టే ఉంటున్నానమ్మా."

"ఆయన మా నాన్న. లెమ్యుయెల్ స్ట్రోడ్."

గేటు మీద నియమాల పలక ఉంది. ఖైదీల బంధువులు జనం గుంపులో రాకూడదని అందులో రాసి ఉంది. బంధువులకు వేరే ఏర్పాటు ఉండేది. రెండు నెలలకు ఒకసారి, అరగంట, బల్లకు అటూ ఇటూ, మధ్యలో వార్డరు. అదే చెప్పాను.

"నాకు తెలుసు," అంది. "ఆరేళ్ళ కింద గేటు దగ్గరికి వెళ్ళి అడిగాను. లెమ్యుయెల్ స్ట్రోడ్‌కు ఎవరూ లేరని పుస్తకంలో రాసి ఉందన్నారు. లేకపోవడమేంటి, నేనున్నాను కదా అన్నాను. ఆయనే అలా రాయించుకున్నాడట."

ఖైదీ జైల్లో చేరిన రోజు గుమాస్తా ముందు నిలబెట్టి పేరు, వయసు, పని, మతం అడిగేవాళ్ళు. చివరి గడి 'తనవాళ్ళు'. అందులో ఎవరి పేర్లు చెబితే వాళ్ళే ఉత్తరం రాయొచ్చు, వాళ్ళే చూడ్డానికి రావొచ్చు. ఎవరూ లేరని చెప్పేవాళ్ళు కొందరుండేవాళ్ళు. చారల బట్టల్లో పిల్లలకు కనపడటం ఇష్టంలేక చెప్పేవాళ్ళు. కొన్నాళ్ళకు వాళ్ళు మనసు మార్చుకున్నా పుస్తకం మారేది కాదు. మార్చమని అడగొచ్చని వాళ్ళకు ఎవరూ చెప్పేవాళ్ళు కాదు.

స్ట్రోడ్ సంగతి ఆమే చెప్పింది. పొలం గట్టు దగ్గర పొరుగువాడితో మాటామాటా పెరిగింది. ఇతను చేతిలో ఉన్న గుంజతో ఒక్కటి కొట్టాడు. పొరుగువాడు మూడోరోజు పోయాడు. పన్నెండేళ్ళు శిక్ష పడింది.

"రెండు ఉత్తరాలు రాశాను. తిరిగొచ్చాయి. పోయిన డిసెంబర్లో ఇక్కణ్ణుంచి విడుదలైన మనిషొకడు మా ఇంటికొచ్చి అన్నం తిని చెప్పాడు. మీ నాన్న కుర్చీల షెడ్డులో మూడో కిటికీ కింద కూర్చుంటాడు, పావు డాలరు ఇస్తే ఎవరైనా చూడొచ్చు అని. ఫిబ్రవరిలో అమ్మ పోయింది. ఆ సంగతి ఎవరో ఒకరు ఆయనకు చెప్పాలి కదా. అందుకని టిక్కెట్టు కొన్నాను."

"జూన్‌లో చెప్పారు," అన్నాను.

"మీరూ చూశారు కదా. తల వంచాడు. వచ్చే నెలే ఆఖరు. మా ఆయన అన్నకు కాన్సాస్‌లో భూమి దొరికింది. అందరం వెళ్ళిపోతున్నాం. మళ్ళీ రావడం పడదు."

ఆమెను గేటు దాటించి నేను గుమాస్తా గదికి వెళ్ళాను. ఏ ఉద్దేశంతో వెళ్ళానో ఇప్పుడు చెప్పలేను. ఆ మనిషికి ఇంకా ఎన్నేళ్ళుందో చూద్దామని కావచ్చు. ఖైదీలను ఒక పనినుంచి ఇంకో పనికి మార్చినప్పుడల్లా రాసే పుస్తకం ఒకటుండేది. స్ట్రోడ్ పేరు ఎదురుగా ఇలా ఉంది. జనవరి 11, పేము నీళ్ళకు చేతులు పగిలి పుండ్లు పడినందువల్ల, డాక్టరు మాట మీద, కుర్చీల షెడ్డునుంచి రొట్టెల బట్టీకి. దాని కింద వరసలో: అదే పీటకు ఏబ్నర్ పోగ్, చీపుళ్ళ షెడ్డునుంచి.

మా దగ్గర నంబరు పీటకు ఉండేది. మనిషి మారితే పీట మారేది కాదు. ఖాళీ పీట ఒక్క పూట కూడా ఉంచేవాళ్ళు కాదు.

ఆమె మొదటిసారి వచ్చేసరికి స్ట్రోడ్ ఆ షెడ్డు వదిలి మూడు నెలలైంది. బట్టీవాళ్ళు తెల్లవారకముందే పనిలోకి దిగి పదకొండుకల్లా గదుల్లోకి వెళ్ళిపోయేవాళ్ళు. ఒంటిగంట గుంపుకు నేను బట్టీ చూపించేవాణ్ణే కాదు. ఆరు నెలలు ఆమె తన ఇంటి సంగతులన్నీ ఏబ్నర్ పోగ్‌కు చెప్పుకుంది. జూన్‌లో తల వంచింది పోగ్. భార్య పోయిన సంగతి స్ట్రోడ్‌కు తెలియదు.

డెక్కర్‌తో చెప్పాను. అతను నోట్లోంచి పైపు తీశాడు.

"పోగ్‌కు పద్నాలుగేళ్ళుగా ఒక్క మనిషి రాలేదురా. గుర్రాల దొంగ. వాడి పుస్తకంలో 'తనవాళ్ళు' గడిలో ఏముందో తెలుసా? గుమాస్తా గీత గీశాడు. అడగను కూడా అడగలేదు."

"ఇప్పుడు ఆవిడకు చెప్పాలా వద్దా?"

"చెప్పకు. ఆవిడ తండ్రికి చెప్పానని సంతోషంగా పోతుంది. పోగ్ తనకోసం వచ్చారని సంతోషంగా ఉంటాడు. ఎవరికి నష్టం?"

"స్ట్రోడ్‌కు."

"వాడు నాకెవరూ లేరన్నాడు కదరా."

"పెళ్ళాం బతికుందనుకుంటున్నాడు కదా, డెక్కర్."

డెక్కర్ పైపు మళ్ళీ నోట్లో పెట్టుకున్నాడు.

గేటు దగ్గర వచ్చినవాళ్ళంతా పేరూ ఊరూ రాసే పుస్తకంలో ఆమె చిరునామా ఉంది. ఉత్తరం రాశాను. అక్టోబరులో ఒంటిగంట గుంపుకు కాక తొమ్మిది గుంపుకు రమ్మన్నాను. ముందురోజు సాయంత్రమే వచ్చి ఊళ్ళో బస చెయ్యమన్నాను. ఎందుకో రాయలేదు. జైలు ఉత్తరాలను గుమాస్తా చదివేవాడు.

అక్టోబరు మొదటి గురువారం ఎనిమిదిన్నరకే ఆమె గేటు దగ్గర ఉంది. టిక్కెట్ల కిటికీ పక్కనే నిలబెట్టి చెప్పాను. తండ్రి జనవరినుంచి బట్టీలో ఉన్నాడని, ఆ పీట మీద ఉన్నది ఇంకొకరని, ఆ మనిషి పేరు చెప్పకుండా చెప్పాను. ఆమె పసుపు అట్ట పట్టుకుని విన్నది.

"ఆ చెవులు మా నాన్నవి కావని ఏప్రిల్లోనే అనిపించింది," అంది చివరికి. "జైల్లో చెవులు కూడా మారతాయేమో అనుకున్నాను."

తర్వాత కోపం వచ్చింది. "ఆరుసార్లు చూశారు నన్ను. ఒక్కసారైనా పుస్తకం చూడాలని తోచలేదా మీకు?"

"లేదమ్మా."

"అమ్మ సంగతి ఎవరికో చెప్పానన్నమాట. ఎవరో తల వంచితే ఇంటికెళ్ళి ఏడ్చాను. మనసు తేలికపడిందని మా ఆయనతో అన్నాను."

ఆర్కట్ అవ్వ కిటికీలోంచి అంతా వింటోంది. ఫిలీనా ఆవిడ వైపు తిరిగింది. "అవ్వా, నేను ఖైదీ కూతుర్ని. ఇక నన్ను పంపించెయ్యండి, నియమం ప్రకారం."

"నాకు పావు డాలరు కనపడుతుంది కానీ చుట్టరికం కనపడదమ్మా, కళ్ళు పోయాయి," అంది ఆర్కట్ అవ్వ. "మెరిల్ నాయనా, తొమ్మిదైంది. గేటు తియ్యించు."

ఆ రోజు గుంపులో పదకొండుమంది. ఒక కొత్త జంట, నలుగురు రైతులు, ఒకావిడ, ఆమె ముగ్గురు అక్కచెల్లెళ్ళు, ఫిలీనా. మామూలుగా బట్టీ చివర చూపించేవాణ్ణి. ఆ రోజు మొదట అక్కడికే తీసుకెళ్ళాను.

జైలు మొత్తంలో వీపులు తిప్పి కూర్చోబెట్టడం వీలుకాని చోటు బట్టీ ఒక్కటే. పొయ్యి గోడలో ఉంటుంది. బల్లలు గుమ్మంవైపు. తెడ్డువాడు పొయ్యిలో తెడ్డు పెట్టి రొట్టెలు తీసి, వెనక్కి తిరిగి బల్ల మీద పెట్టాలి. తిరిగినప్పుడల్లా ముఖం గుమ్మం వైపే వస్తుంది. అందుకని కళ్ళు తెడ్డు మీంచి ఎత్తకూడదని అక్కడ గట్టి నియమం. హ్యాచ్ అనే వార్డరు పొయ్యి పక్కనే నిలబడి చూస్తుండేవాడు.

తెడ్డు పట్టుకున్నది స్ట్రోడ్. నేను అతన్ని ఎన్నోసార్లు చూశాను, పేరు తెలియకుండా. మోచేతుల దాకా పిండి. తెడ్డు మీద నాలుగు రొట్టెలతో వెనక్కి తిరిగాడు.

నేను చెప్పాల్సినవి మొదలుపెట్టాను. రోజుకు ఎన్ని రొట్టెలు, ఎన్ని బస్తాల పిండి. ఫిలీనా గుమ్మం పక్కన నిలబడింది. తెడ్డు పట్టుకున్న మనిషినే చూస్తోంది. నేను మొక్కజొన్న పిండి ఎంత కలుపుతారో చెప్పాను. ఆమె ఇంకా చూస్తూనే ఉంది. చెప్పడానికి నా దగ్గర ఇంకేం మిగల్లేదు. పొయ్యి ఏ ఏడు కట్టారో కూడా చెప్పేశాను.

"పదవయ్యా, వేడిగా ఉంది ఇక్కడ," అన్నాడు రైతుల్లో ఒకడు.

అప్పుడు ఆమె గట్టిగా పిలిచింది. "మెరిల్ గారూ."

స్ట్రోడ్ తెడ్డు మళ్ళీ పొయ్యిలో పెట్టబోయి ఆగాడు. తెడ్డు నేలకు ఆనించాడు. ముఖం గుమ్మం వైపు ఎత్తాడు. కళ్ళు మూసుకున్నాడు. కళ్ళు ఎత్తకూడదని నియమం. ముఖం గురించి నియమంలో ఏమీ లేదు. పిండి పడ్డ ముఖాన్ని అలా ఎత్తి, ఆమె చూసుకోవడానికి పట్టుకుని నిలబడ్డాడు. హ్యాచ్ అతన్ని చూశాడు, నన్ను చూశాడు, పొయ్యిలోకి చూశాడు.

"బంకమట్టి నేలలో," అంది ఫిలీనా, "కొత్త సమాధి మీద, ఏ పూలమొక్క బతుకుతుంది? ఆడమనిషి సమాధి. ఫిబ్రవరిలో పోయింది. కష్టపడలేదు. నిద్రలోనే."

నేను నోరు తెరిచేలోపు ఇందాకటి రైతే జవాబిచ్చాడు. "దుంప మొక్క ఏదైనా పెట్టమ్మా, ఊదాపూల ఐరిస్ లాంటిది. బంకమట్టిలో అవే నిలబడతాయి. మీ అమ్మా?"

"అవును. మా అమ్మ."

స్ట్రోడ్ కళ్ళు తెరిచాడు. తెడ్డు వైపు చూడలేదు. ఆమెను చూశాడు. నా లెక్కన నూరు అంకెలు లెక్కపెట్టేంతసేపు చూశాడు. పొయ్యిలో రొట్టెలు మాడుతున్న వాసన వచ్చింది. హ్యాచ్ గొంతు సవరించుకున్నాడు. స్ట్రోడ్ కళ్ళు దించి, తెడ్డు తీసుకుని, పొయ్యి వైపు తిరిగాడు.

హ్యాచ్ ఆ సాయంత్రం రాసింది నేను చదివాను: "స్ట్రోడ్. జనాన్ని చూశాడు. పది రోజులు." అలా రాయకపోతే అతని పని పోయేది. మాడిన రొట్టెల సంగతి రాయలేదు.

బట్టీనుంచి చీపుళ్ళ షెడ్డుకు, అక్కణ్ణుంచి కుర్చీల షెడ్డుకు వెళ్ళాలి. ఫిలీనా గుంపు చివర వస్తోంది. కుర్చీల షెడ్డు గుమ్మంలో నేను ఆగి, "మీరు కావాలంటే పెరట్లో ఉండొచ్చమ్మా," అన్నాను.

"ఆ కిటికీ మనిషి ఈ పూట ఎదురుచూడడు కదా? ఎప్పుడూ నేనొచ్చేది మధ్యాహ్నం."

"గురువారం అని తెలుసు. పొద్దున్నుంచే నిటారుగా కూర్చుంటాడని వార్డరు చెప్పాడు."

ఆమె లోపలికి వచ్చింది. కొత్త జంటలో అమ్మాయి పేము ముట్టుకోవచ్చా అని నన్ను పట్టుకుంది. నేను తొట్టి దగ్గర ఉన్నాను. ఫిలీనా మూడో కిటికీ దగ్గర నిలబడి, ఎప్పటిలాగే గట్టిగా, నేను పక్కన ఉన్నట్టే నన్ను అడుగుతోంది. షెడ్డులో పేము కోసే కత్తుల చప్పుడు, కొత్త పెళ్ళికూతురి మాటలు. ఆమె మాటలు నాకు ముక్కలుగా వినపడ్డాయి. కాన్సాస్ చలి ఎలా ఉంటుందని అడిగింది. దూడలు రెండూ బతికాయని చెప్పింది. ఇక రాలేనని చెప్పింది. ఇన్ని నెలలు విన్నందుకు అనే మాట ఒకటి విన్నాను. దాని ముందుదీ తర్వాతదీ వినలేదు.

మూడో కిటికీ కింద మనిషి తల వంచలేదు. నిటారుగా కూర్చుని పేము లాగుతున్నాడు.

గేటు దగ్గర ఆమె నాకు చెయ్యిచ్చింది. "ఆయన పేరు చెప్పకండి," అంది. "వద్దు. నాకు ఆయన వీపు తెలుసు. చాలు." రైలుకు టైమైందని నడిచి వెళ్ళిపోయింది.

ఇరవైరోజుల తర్వాత బట్టీలో స్ట్రోడ్ చెయ్యెత్తాడు. హ్యాచ్ దగ్గరికి వెళితే, గుమాస్తాను చూడాలన్నాడు. చేరినరోజు పుస్తకంలో తప్పు రాయించానని, దిద్దించుకోవాలని అన్నాడు. అప్పటిదాకా అక్కడ అలా అడిగినవాళ్ళు లేరు. గుమాస్తా విసుక్కున్నాడు. గడిలో చోటు లేదన్నాడు. చివరికి పక్కన ఖాళీలో రాయడానికి ఒప్పుకున్నాడు. ఆ రోజు సగం టిక్కెట్లు అప్పజెప్పడానికి నేనూ ఆ గదిలోనే ఉన్నాను.

"పేరు?"

"ఫిలీనా. కూతురు."

"ఊరు?"

స్ట్రోడ్ నా వైపు చూశాడు. కాన్సాస్ అన్నాను. కాన్సాస్‌లో ఎక్కడ అన్నాడు గుమాస్తా. నాకు తెలియదు. ఆమె పాత ఇంటికి నేను మళ్ళీ రాసిన ఉత్తరం అప్పటికే తిరిగొచ్చింది. ఊరు లేకుండా పేరు రాస్తే ఉత్తరం ఎక్కడికి పంపుతారు, రాయడం దండగ అని గుమాస్తా కలం కింద పెట్టాడు. స్ట్రోడ్ పిండి చేతులు చారల చొక్కాకు తుడుచుకున్నాడు.

నేను కుర్చీల షెడ్డుకు పరుగెత్తాను. డెక్కర్‌కు చెప్పాను. డెక్కర్ ఏబ్నర్ పోగ్‌ను లేపి గుమాస్తా గదికి తీసుకొచ్చాడు. ఎందుకో పోగ్‌కు చెప్పలేదు. మూడో కిటికీ మనిషి ముఖం నేను చూడటం అదే మొదలు. గడ్డం గీసి ఉంది. గదిలో అటు స్ట్రోడ్, ఇటు పోగ్. ఒకరినొకరు ఎరగరు.

"పోగ్," అన్నాడు డెక్కర్, "ఈ నెల మొదటి గురువారం ఒకావిడ షెడ్డులో నిలబడి కాన్సాస్ వెళ్తున్నానంది. ఏ ఊరో అందా?"

పోగ్ పద్నాలుగేళ్ళుగా వాక్యం మాట్లాడి ఎరగడు. ముందు రెండుసార్లు దగ్గాడు.

"లార్కిన్ క్రాసింగ్," అన్నాడు. "రైలు దిగాక పన్నెండు మైళ్ళు. బావగారి భూమి. వాగు పక్కన. ఇల్లు ఇంకా కట్టలేదు, ముందు గుడారంలో ఉంటారు. పిల్లాడికి చలి పడదని ఆవిడ భయం."

గుమాస్తా రాసుకున్నాడు. స్పెల్లింగు రెండుసార్లు అడిగాడు. పోగ్ రెండుసార్లూ చెప్పాడు. స్ట్రోడ్ ఆ మనిషినే చూస్తున్నాడు. ఆ గదిలో చూడకూడదని నియమం లేదు.

"నీకెలా తెలుసురా ఇదంతా?" అన్నాడు గుమాస్తా. "ఎవరు చెప్పారు?"

"ఆవిడే."

"ఎవరికి చెప్పింది?"

"నాకు," అన్నాడు పోగ్.

గుమాస్తా తల ఎత్తి డెక్కర్ వైపు చూశాడు. డెక్కర్ కిటికీలోంచి పెరట్లోకి చూస్తున్నాడు. స్ట్రోడ్ ఒక అడుగు పక్కకు జరిగి పోగ్‌కు బల్ల దగ్గర చోటిచ్చాడు. ఇంకేమైనా చెప్పిందా అన్నాడు. పిల్లాడి పేరు ఏమిటని అడిగాడు. పోగ్ చెప్పడం మొదలుపెట్టాడు, ఏప్రిల్ నుంచి.